వంటాయన అలిగిపోయిన పెళ్ళి యాడుంది?

ఎమ్మిగనూరులో ఒక కల్యాణ మండపం మొత్తాన్ని, నవ్వడం మానేసిన ఒక పెద్దమనిషితో సహా, ఖుష్బూ మూడు వేళ్ళతో ఆడించింది. మూడంటే మూడే. నాలుగో వేలు కూడా కదిపి ఉంటే కోడుమూరులో ఇళ్ళ మీది రేకులు లేచిపోయేవనీ, సి.బెళగల్ పొలాల్లో మిరపచెట్లు నడుం తిప్పేవనీ చూసినవాళ్ళు చెబుతారు. చూడనివాళ్ళు ఇంకా ఎక్కువ చెబుతారు, వాళ్ళ జోలికి మనం పోవద్దు.

ఖుష్బూది ఆదోని. మార్కెట్ యార్డుకు పోయే దారిలో లక్ష్మన్న అనే ఆయన ఫోటో స్టూడియో నడుపుతున్నాడు. అందులో వీడియోలు కత్తిరించి అతికించే పని ఆమెది. ఈ పక్క ఊళ్ళలో ఎవరు మెడలో పూలదండ వేసుకున్నా, ఎవరి బిడ్డకు పుట్టువెంట్రుకలు తీసినా, ఎవరు కొత్త ఇంట్లో పాలు పొంగించినా చివరికి ఆమె కంప్యూటర్లోకి వచ్చి పడవలసిందే. ఆ డిస్కులో ఉన్నంత మంది జనం ఆదోని రైల్వే స్టేషన్లో ఏ పండగకూ ఉండరు.

అంత జనంలోంచి ఒక మొహాన్ని వెతకడం మామూలు వాళ్ళకు ఒక పూట పని. ఖుష్బూకు అది తుమ్మినంత పని. స్టేషన్లో రైలు ఆగి, కూత వేసి, కదిలే లోపల ఆమె జిల్లా పడమటి పక్క జరిగిన పెళ్ళిళ్ళన్నిటికీ పోయి, అక్షింతలు వేసి, వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చునేదట. ఒకసారి లక్ష్మన్న పాత గృహప్రవేశం ఫోటో ఒకటి వెతకమని చెబుదామని నోరు తెరిచాడు. నోరు మూసే సరికి ఫోటో ప్రింటయి, ఆరిపోయి, కవర్లో కూడా పడింది. ఎవరిదో చెప్పకముందే ఎలా తెలిసిందని మాత్రం అడగకండి.

ఇంకో సంగతి. ఆమె మౌసు ముట్టదు. అది గొప్ప కోసం కాదు, పత్తి వల్ల. సీజన్ వచ్చిందంటే ఆ దారిన పత్తి లారీలు, ఆటోలు, ట్రాక్టర్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతాయి. జిన్నింగ్ మిల్లుల నుంచి లేచిన దూది గాలిలో తేలుతూ షట్టరు సందులోంచి వచ్చి స్టూడియోలో కాపురం పెడుతుంది. మౌసు కింద దూది చేరితే తెర మీద బాణం జలుబు చేసినట్టు ఉన్నచోటే గింజుకుంటుంది. ఖుష్బూ ఒక మౌసును విప్పితే దిండుకు సరిపోయేంత దూది వచ్చిందని లక్ష్మన్న చెబుతాడు. దిండు కాదు, పెద్ద పరుపే అయిందనీ, దాన్ని ఖుష్బూ నాన్నే కుట్టి ఒక పెళ్ళివాళ్ళకు ఇచ్చాడనీ వీధిలో చెబుతారు. వీధి మాటే నిజం అనుకుందాం.

అలా మౌసులు ఒకదాని వెనక ఒకటి చచ్చిపోతుంటే ఆమె మీటలకు మారింది. ఫోన్లో వీడియోలు చూసి, రాత్రి అన్నం పెట్టే అమ్మ మహమూదా బీ ఎన్ని తిట్లు తిడుతున్నా వినకుండా, పళ్ళెం అంచు మీద వేళ్ళు ఆడిస్తూ నేర్చుకుంది. విండోస్ గుర్తున్న మీటతో పాటు ఇ నొక్కితే ఫోల్డర్ల వాకిలి తెరుచుకుంటుంది. పేరులో మొదటి అక్షరాలు గబగబా కొడితే ఆ ఫోల్డరే లేచి ముందు నిలబడుతుంది. ఎంటర్ కొడితే లోపలికి. ఆల్ట్ పట్టుకుని పై బాణం కొడితే ఒక గడప బయటికి, ఎడమ బాణం కొడితే వచ్చిన దారిన వెనక్కి. ఎఫ్ టూ కొడితే పేరు మార్చే పెట్టె. రోజూ పనిపడే ఫోల్డర్లు పక్క వరుసలో పిన్ను కొట్టినట్టు కదలకుండా ఉంటాయి. ఇవన్నీ చాలనట్టు, పేరులో ఒక ముక్క కొడితే డిస్కంతా జల్లెడ పట్టి రెప్ప వేసే లోపల తెచ్చి ముందు పోసే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి దించుకుంది.

అయితే ఎంత మంచి జల్లెడైనా, ఏం వెతకాలో తెలియాలి కదా. అక్కడే తంటా వచ్చింది.

లక్ష్మన్నకు తేదీలంటే ప్రాణం. ఫోల్డరుకు పేరు అంటే సంవత్సరం, నెల, రోజు, అంతే. కానీ వచ్చే జనానికి తేదీలతో పనేముంది? మా చిన్నాయన పెళ్ళి ఫోటో కావాలంటారు. ఎప్పుడయిందంటే, ఆ ఏడు వేరుశనగ బాగా పండిందంటారు. పెళ్ళికొడుకు పేరేమిటంటే, ఇంట్లో ఒకటి, బయట ఒకటి, కార్డులో ఇంకొకటి చెబుతారు. ఒక్కటి మాత్రం ఎవరూ మరిచిపోరు, ఆ రోజు ఏం జరిగిందో. పందిట్లోకి ఎద్దు వచ్చిందా, కరెంటు పోయిందా, ఎవరు ఎవరి మీద అలిగారు, ఇవి చిన్నపిల్లలు కూడా నిద్రలో చెబుతారు.

ఈ సంగతి ఖుష్బూకు కొత్త కాదు. ఆమె నాన్న మాబు సాబ్ పరుపులు కుడతాడు. ఆయనకు ఒక్క గిరాకీ పేరు కూడా గుర్తుండదు. పరుపు మోస్తుంటే వాన పడినవాళ్ళు, కొత్త పరుపు మీద కుక్క పడుకున్నవాళ్ళు, పరుపు చాలా మెత్తగా ఉందని వెనక్కి తెచ్చినవాళ్ళు, ఇలా చెబితేనే ఆయనకు ఇల్లూ వాకిలీ కనబడతాయి. కూతురు అదే బడిలో చదివింది. స్టూడియోలో మూలన పడి ఉన్న పాత క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది ఆమే. ఎక్కిస్తూ చూసింది, చూస్తూ నవ్వింది, నవ్వుతూనే ఒక్కోదానికి జరిగిన సంగతినే పేరుగా పెట్టుకుంటూ పోయింది.

లక్ష్మన్న ఒకరోజు తెర మీద ‘పప్పు తక్కువైన పెళ్ళి’ అని చూసి అదిరిపడ్డాడు. ఇది స్టూడియోనా, రచ్చకట్టనా అని కేకలు వేశాడు. ఆ ఇంటివాళ్ళు చూస్తే కెమెరాతో పాటు తననూ బావిలో వేస్తారన్నాడు. సాయంత్రానికల్లా అన్నీ తేదీలు కావాలన్నాడు. ఖుష్బూ సరేనంది, అన్నీ తేదీలు చేసింది. చేస్తూనే ఒక్కోదానికి ఒక షార్ట్‌కట్ చేసి, పాత పేరు ఆ షార్ట్‌కట్‌కు పెట్టి, అన్నిటినీ ఒక ఫోల్డర్లో దాచింది. షార్ట్‌కట్ అంటే ఇంటికి పక్క సందులోంచి పెట్టుకున్న తలుపు. ఇల్లు కదలదు, ముందు గుమ్మం మీద తేదీ అలాగే ఉంటుంది, ఆమె మాత్రం సందులోంచి దూరి పోతుంది. లక్ష్మన్నేమో తేదీలు పెట్టినప్పటి నుంచి పని వేగం పెరిగిందని నలుగురికీ చెప్పుకు తిరిగాడు.

ఇట్లా ఉండగా ఎమ్మిగనూరు బసవన్న మనవరాలు శ్వేత పెళ్ళి వచ్చింది. వీడియో, ఎల్ఈడీ తెర, అన్నీ లక్ష్మన్నకే అప్పగించారు.

బసవన్న మగ్గం మీద ఒక జీవితం నేసిన మనిషి. ఇప్పుడు నేత మానేశాడు కానీ మనిషి మగ్గానికి ఎక్కించిన పడుగులాగా బిగుసుకునే ఉంటాడు. ఆయన నవ్వితే పళ్ళున్నాయో లేవో తెలుస్తుందని ఆ వీధివాళ్ళ ఆశ. శ్వేత అట్లా కాదు. కాలు నేల మీద నిలవదు. పెళ్ళికూతురి మెరవణిలో, అంటే ఊరేగింపులో, డీజే ముందు తను కూడా దిగి ఆడాలని చిన్నప్పటి నుంచి ఆమె కోరిక. చీర కట్టుకుని ఆడడం మేడ మీద నేర్చుకుంది కూడా. తాత ఒక్క మాటతో తుంచేశాడు. తమ ఇంట్లో ఎవరూ వీధిలో ఎగిరింది లేదన్నాడు. డీజే బండి అప్పటికే వచ్చి మండపం మూలన టార్పాలిన్ పట్ట కప్పుకుని నిలబడి ఉంది. దీపాలు పెట్టే వేళకు దాన్ని వెనక్కి పంపేయమన్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బసవన్న భార్య, శ్వేత అవ్వ దానమ్మ నోరు విప్పింది. ఎవరూ ఆడలేదా అని అడిగింది. ఎవరూ లేదని ఆయన అన్నాడు. మరి నువ్వు ఆడలేదా అంది. చుట్టూ ఉన్న చుట్టాలు తాంబూలం నమలడం ఆపారు.

“నేనా? యాడ సూసినావు?”

“ఒక పెండ్లిలో. బ్యాండు ముందర. నెత్తికి టవలు సుట్టుకొని.”

“సూపిచ్చు,” అన్నాడు బసవన్న. “సూపిచ్చితే ఆ డీజే పట్ట నా చేత్తో నేనే తీస్తా.”

ఆ మాట అందరి ముందూ అన్నాడు. శ్వేత అవ్వ మొహం వైపు చూసింది. అవ్వ ఒక బూందీ లడ్డు తీసుకుని, వేదిక పక్కన స్టూడియో డిస్కు తగిలించిన లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న ఖుష్బూ దగ్గరికి నడిచింది. వెనకే శ్వేత, సగం గోరింటాకు చేతులతో.

లడ్డు చేతిలో పెట్టి దానమ్మ సంగతి చెప్పింది. ఎవరి పెళ్ళి అవ్వా అని ఖుష్బూ అడిగింది. ఎవరిదో, చుట్టాలదే అంది అవ్వ. ఎప్పుడంటే, తన మోకాళ్ళు బాగున్నప్పుడంది. ఏ ఊరంటే, కోడుమూరు, కాదంటే ఆ చుట్టుపక్కల అంది. శ్వేత కళ్ళలో నీళ్ళు తిరగడం మొదలైంది. బయట డీజే బండివాడు ఇంజను వేసి చూసుకుంటున్నాడు, పోవాలో ఉండాలో తెలియక.

“అదంతా ఇడ్సిపెట్టు అవ్వా,” అంది ఖుష్బూ. “ఆ పొద్దు ఏం జరిగింది, అది సెప్పు.”

“అట్ల అడుగు. వంటాయన అలిగి గంటె పారేసి పోయినాడు. ఆడోళ్ళమంతా పోయి అన్నం వార్చినాము. వార్చి బయటికొస్తే ఈయప్ప ఆడ ఎగురుతాండాడు.”

ఖుష్బూ మొహం బల్బు పెట్టినట్టు వెలిగింది. దాచిన ఫోల్డరు తెరిచింది. పేరులో ‘అలిగి’ ముక్క కొట్టింది.

ఇక్కడ ఆమె ఎల్ఈడీ తెరకు వీపు పెట్టి కూర్చుందని చెప్పాలి. ఎల్ఈడీ మనిషి సరిగ్గా అప్పుడే తెర బాగా పని చేస్తుందో లేదో చూద్దామని లాప్‌టాప్ తీగ తెచ్చి దానికి తగిలించాడనీ చెప్పాలి. ఖుష్బూ ముందు పుస్తకమంత ఉన్న తెర, వెనక గోడంత ఎత్తున వెలిగింది. ‘మామ అలిగిన పెళ్ళి’, ‘మామ అలిగి వచ్చి మళ్ళీ అలిగిన పెళ్ళి’, ‘బావమరిది అలిగి చెట్టెక్కిన పెళ్ళి’, ‘ఫోటోలాయన అలిగిన పెళ్ళి’, ఇట్లా పడమటి కర్నూలు అలకలన్నీ వరుసగా వచ్చి మండపం నిండా నిలబడ్డాయి.

మొదట ఒక మూల నవ్వు పుట్టింది. తర్వాత ఇంకో మూల. ఖుష్బూ పిల్లలేదో అల్లరి చేస్తున్నారనుకుంది. ఒక గడప బయటికి వచ్చి మొత్తం జాబితా ఒకసారి పైనుంచి కిందికి దించింది. దాంతో అలగని పెళ్ళిళ్ళు కూడా బయటపడ్డాయి. ‘తాళి ఆటోలో మరిచిపోయిన పెళ్ళి’ కనబడగానే ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది, ఆమెదే మరి. ‘పప్పు తక్కువైన పెళ్ళి’ దగ్గర ఆ పెళ్ళి చేసిన శేషప్ప అనే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. లక్ష్మన్న వెనక వరుసల నుంచి చేతులు ఊపుతూ, కుర్చీలు తన్నుకుంటూ పరుగెత్తి వస్తున్నాడు.

“పప్పు తక్కువ కాలేదప్పా,” అన్నాడు శేషప్ప అందరికీ వినబడేటట్టు. “ఆ పొద్దు జనం ఎక్కువైనారు.”

ఆ నవ్వుకు మండపం గోడకున్న బల్లులు రాలి పడ్డాయి. అప్పుడు ఖుష్బూ తల తిప్పి చూసింది. తను దాచుకున్న సందు తలుపులన్నీ గోడంత వెలుగులో ఉన్నాయి, లక్ష్మన్న వాటి కింద నిలబడి ఉన్నాడు. ఆమె చెయ్యి తీగ పీకడానికి లేచింది.

“తీయాకు అక్కా,” అంది శ్వేత మెల్లగా. “తాత సూస్తాండాడు.”

నిజమే. బసవన్న మొదటి వరుసలో కర్ర మీద గడ్డం ఆనించి తెరనే చూస్తున్నాడు. ఇప్పుడు తీగ పీకితే అట్లాంటి వీడియో లేదని ఒప్పుకున్నట్టే. బండి వెళ్ళిపోతుంది. ఖుష్బూ లక్ష్మన్న వైపు చూడలేదు. ‘వంటాయన’ అని కొట్టింది. రెండు వచ్చాయి. మొదటిదాని మీద ఎంటర్ కొట్టింది. మీసాల వంటమనిషి ఒకడిని నలుగురు గడ్డం పట్టుకుని బతిమాలుతున్న బొమ్మ పడింది.

“ఈయన కాదమ్మా,” అంది దానమ్మ. “ఈయన్ని బతిమాలి తెచ్చుకున్నారు. మా వంటాయన పూర్తిగా పోయినాడు.”

ఆల్ట్, ఎడమ బాణం. కింది బాణం. ఎంటర్. ‘వంటాయన అలిగిపోయిన పెళ్ళి’ తెరుచుకుంది. చిన్న చిన్న బొమ్మల వరుసల్లో ఒకచోట బ్యాండువాళ్ళ ఎర్ర కోట్లు కనబడ్డాయి. మళ్ళీ ఎంటర్.

డప్పు మోగింది. గోడంత తెర మీద, ఎర్ర కోట్ల మధ్యలో, నెత్తికి టవలు చుట్టుకున్న ఒక మనిషి వీపు కనబడింది. చేతులు అటొకసారి ఇటొకసారి విసురుతున్నాడు, మగ్గం మీద దారాల మధ్యలోంచి నేత నాడె విసిరినట్టు. కాళ్ళు మార్చి మార్చి తొక్కుతున్నాడు, మగ్గం కింద చెక్కలు తొక్కినట్టు. మొహం ఇంకా తిరగలేదు. తిరగవలసిన పని కూడా లేదు. మండపంలో సగం మంది నేతగాళ్ళు, ఆ తొక్కుడు ఎవరిదో వాళ్ళకు వేరే చెప్పాలా?

“ఆ టవలు నాది కాదు,” అన్నాడు బసవన్న.

“టవలు నీది కాదులే,” అంది దానమ్మ. “కాళ్ళు నీవి.”

తెర మీద మనిషి అప్పుడు ఇటు తిరిగాడు. నోరంతా తెరిచి నవ్వుతున్నాడు, ఒక్క పన్నూ పోలేదు. బసవన్న ఆ నవ్వును చాలాసేపు చూశాడు. తనకు అట్లాంటి నవ్వు ఉండేదని ఆయనకే గుర్తు లేదేమో. కర్ర పక్కన పెట్టాడు.

“ఆ దరువు,” అన్నాడు చివరికి, “డీజే ఆయప్పకాడ ఉంటాదా?”

ఉండదని ఖుష్బూకు తెలుసు. అది ఏ పాటా కాదు, ఆ రోజు ఆ బ్యాండువాళ్ళు సొంతంగా కొట్టిన దరువు. ఆమె ఆ క్లిప్పును కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసి శ్వేత చేతికి ఇచ్చింది. శ్వేత గోరింటాకు అంతా దానికి అంటించి బయటికి పరుగెత్తింది. బసవన్న నిదానంగా నడుచుకుంటూ పోయి, అన్నమాట ప్రకారం, డీజే పట్ట తన చేత్తో తీశాడు.

తర్వాత జరిగింది ఎమ్మిగనూరు అంతా చెబుతుంది. పొద్దు ఇంకా వాలకముందే మెరవణి కదిలింది. ముందు శ్వేత, ఆమె పక్కన తాత, నాడె విసురుతూ, చెక్కలు తొక్కుతూ. ఒకరిని చూసి ఒకరు నేతగాళ్ళంతా అదే తొక్కుడు ఎత్తుకున్నారు. వీధి పొడుగునా మగ్గం లేకుండా నేత సాగింది. ఆ సాయంత్రం వాళ్ళు విసిరిన నాడెలకు దారం తగిలించి ఉంటే ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా ఒకే చీర పరిచి ఉండేవాళ్ళు. దానమ్మ మోకాళ్ళు బాగలేవని అరుగు మీద కూర్చుంది. కాసేపే కూర్చుంది.

ఈ సందడిలో లక్ష్మన్న ఖుష్బూ ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఏమంటాడో అని ఆమె లడ్డు కొరకడం ఆపింది. ఆయన గొంతు సవరించుకుని, ‘ఫోటోలాయన అలిగిన పెళ్ళి’ అంటే అది తనేనా అని అడిగాడు. ఆమె తల ఊపింది. ఆ రోజు తనకు స్వీటు పెట్టలేదని, అలగడంలో తప్పేముందని ఆయన చాలాసేపు వాదించాడు. తర్వాత తేదీలు నాకు ఉండనీ, సంగతులు నువ్వు ఉంచుకో అని చెప్పి, కెమెరా ఎత్తుకుని మెరవణి వెనక పోయాడు. ఖుష్బూ కొత్త ఫోల్డరు తెరిచి ‘తాత పట్ట తీసిన పెళ్ళి’ అని పేరు కొట్టింది.

మరుసటి వారం నుంచి స్టూడియోకు జనం రావడం మొదలైంది. ఫోటోలకు కాదు, మా పెళ్ళికి ఏం పేరు పెట్టినావని అడిగేందుకు. మంచి పేరు వచ్చినవాళ్ళు బంధువులను వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చారు. ఒక్క వీరన్న మాత్రం చిన్నబోయాడు. ఆయనది ‘ఏమీ జరగని పెళ్ళి’. ఏమీ జరగకపోవడమేమిటి, మా బావమరిది కాలు బెణికింది కదా అని ఆయన ఇప్పటికీ వారానికొకసారి వచ్చి అర్జీ పెట్టుకుంటాడు. పెళ్ళి కుదిరినవాళ్ళు కొందరు, పేరు రావాలంటే ఏం జరిపించాలో ముందే అడిగి పోతున్నారు.

ఇక ఆ మూడు వేళ్ళ కథ ఊరూరా తిరిగింది. కోడుమూరు చేరేసరికి అవి ఒక వేలయ్యాయి, సి.బెళగల్‌లో ఆమె కళ్ళతో చూసి ఫోల్డరు తెరిచిందని చెబుతున్నారు. ఎక్కువ తక్కువలు మనకెందుకు, నమ్మనివాళ్ళు బస్సెక్కి ఆదోని పోయి, యార్డు దారిలో దిగి, ఆమెనే అడగవచ్చు. నిజంగానే ఒక మండపం మొత్తాన్ని మూడు వేళ్ళతో ఆడించినావా అని అడిగితే, ఖుష్బూ తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండానే చెబుతుంది:

“మూడు కాదన్నా, రెండే. ఎడమ చేతిలో లడ్డు ఉణ్ణింది.”